సింహచేపకు బంగారు చేప బువ్వ కాదు

పోయిన నెల మన సంఘం గుంపులో ఒక వీడియో తిరిగింది. మీలో శానామంది చూసే ఉంటారు. మన హొసూరులోనే ఒక ఇంట్లో కొత్తగా పెట్టిన ఉప్పునీళ్ల గాజు తొట్టి. దాంట్లో ఎర్ర చారల సింహచేప ఒకటి, నెమలి పురి విప్పినట్ల రెక్కలు విప్పుకొని నిలబడి ఉంది. పైనించి ఎవరో బతికున్న బంగారు చేపను వదిలినారు. కన్ను మూసి తెరిచే లోపల గుటుక్కుమనింది. పక్కన పిల్లోళ్లు చప్పట్లు కొట్టినారు. గుంపులో కూడా అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టినారు.

ఆ పొద్దు మేము ఏమీ రాయలేదు. రాయబోయి రెండుసార్లు తుడిపేసినాము. ఎందుకంటే ఏడేండ్ల కిందట అదే పని మేమూ చేసినాము. మేమూ ఇంటికి వచ్చిన చుట్టాలను పిలిచి మరీ చూపించినాము. ఆ ఆట ఎట్ల ముగిసిందో చెప్పకుండా ఇంకొకరికి బుద్ధి చెప్పేది సరి కాదు. అందుకే ఈ పొడుగు రాత. వీడియో పెట్టిన ఇంటోళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లు ఈడ మాట్లాడేది మా గురించే అనుకోవద్దని మనవి. మొదట మా కతే చెప్తాము.

బెంగళూరులో ఒక అంగడిలో కొన్నాము మా మొదటి సింహచేపను. అంగడి పేరుతో పనిలేదు, అప్పుడు అన్ని అంగళ్లలోనూ అదే మాట చెప్పేవాళ్లు. "వారానికి నాలుగు బంగారు చేపలు ఏసేయండి సార్, ఇంకేం అక్కర్లే" అన్నారు. మేమూ నమ్మినాము. చేపతోబాటే ఒక సంచీలో ఇరవై చిన్న బంగారు చేపలు కట్టించుకొని వచ్చినాము. ఎనిమిది నెలలు అట్లనే మేపినాము. చేప బాగా లావైంది. మాకు శానా సంతోషం. తొమ్మిదో నెలలో అది పక్కకు ఒరిగి ఈదడం మొదలుపెట్టింది. ఎర ఎదురుగానే ఉన్నా గురి తప్పేది. తరవాత నోరు తెరిచేదే మానేసింది. పదిహేను దినాలకు పోయింది. దాన్ని కోసి చూసినోళ్లు లేరు కాబట్టి ఇదే కారణమని మేము ప్రమాణం చేయలేము. కానీ ఆ తరవాత చదివిందంతా మేము కండ్లారా చూసినదానికి అచ్చంగా సరిపోయింది.

ఏమి చదివినామో చెప్తాము. బంగారు చేప కార్పు కుటుంబానిది, మంచినీళ్ల చేప. దాని ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది బి1 విటమినును, అంటే థయామినును, విరిచేస్తుంది. ఎప్పుడో ఒకటి తింటే ఏమీ కాదు. నెలల తరబడి అదే తింటే తిన్న చేపకు బి1 కరువవుతుంది. నరాలు దెబ్బతింటాయి, తూకం తప్పుతుంది, ఆకలి పోతుంది. ఇది మొదటి మాట. రెండో మాట కొవ్వుది. సముద్రపు చేపలు తినే ఎరలో ఒమేగా-3 రకం కొవ్వులు ఎచ్చుగా ఉంటాయి. మంచినీళ్ల బంగారు చేపలో అవి తక్కువ, వేరే రకం కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు సింహచేప కాలేయంలో పేరుకుంటుంది. పైకి బొద్దుగా కనిపిస్తుంది, లోపల చెడుతుంది. మేము సంతోషపడిన ఆ లావు రోగమే అయి ఉండొచ్చు. మూడోది, అంగట్లో ఎరకని అమ్మే బంగారు చేపలను కిక్కిరిసిన తొట్లలో, తిండి సరిగా పెట్టకుండా ఉంచుతారు. రోగమున్న, ఆకలితో మాడిన ఎరలో సత్తువ ఏముంటుంది?

"సముద్రంలో అది బతికున్న చేపనే తింటుంది గదా" అని మీరు అడగొచ్చు. నిజమే. సముద్రంలో చిన్న చేపలు, రొయ్యలు, పీతలు, ఒక దినం ఒక రకం, ఇంకో దినం ఇంకో రకం తింటుంది. అన్నీ ఉప్పునీళ్లవే. ఎర దగ్గిరికి మెల్లిగా పోయి, రెక్కలు చాపి మూలకు తరిమి, ఒక్కోసారి నోటితో నీళ్లు చిమ్మి, ఎర తనవైపు తల తిప్పేట్ల చేసి మింగుతుంది. అంత చమత్కారం దాని దగ్గిర ఉంది. మనం పెట్టేది మాత్రం దినమూ అదే బంగారు చేప. దినమూ పూరీలు మాత్రమే తినిపించి, పిల్లోడు బాగా లావైనాడని మురిసిపోయినట్ల ఉంటుంది ఈ పని.

ఇంక "మీరు కోళ్లను, పొట్టేళ్లను కోయరా? ఒక చిన్న చేపకు ఇంత కతేమిటి?" అనేవాళ్లూ ఉన్నారు. కోస్తాము. మేము మాంసం తినేవాళ్లమే. జాతరకు పొట్టేలు కొట్టే ఊళ్లోనించి వచ్చినోళ్లమే. కృష్ణగిరి డ్యాము గట్టున చేపల వేపుడు తినని వాళ్లు మనలో ఎంతమంది? తినేదానికి చంపేది ఒకటి. చూసి నవ్వేదానికి చంపేది ఇంకొకటి. మన అవ్వలు కోడిని కోసేటప్పుడు పిల్లోళ్లను అవతలికి పొమ్మనేవాళ్లు. కోడి మీద జాలితో మాత్రమే కాదు, చావు చూసి నవ్వే అలవాటు పిల్లోళ్లకు రాకూడదని. సింహచేపకు చచ్చిన రొయ్య సరిపోతున్నప్పుడు, దాని ఒంటికి అదే మంచిదైనప్పుడు, బతికున్న చేప ఎవరి కోసం? మన కోసమే. మన చప్పట్ల కోసం.

చచ్చిన ఎర తినదనేది వట్టి మాట. రెండోసారి మేము తెచ్చిన చేప పొట్టి రకం. అయిదేండ్లు దాటింది, ఇప్పుడూ బాగుంది. దానికి చచ్చిన ఎర అలవాటు చేసేదానికి మూడు వారాలు పట్టింది. ఎట్ల చేసినామో వరసగా చెప్తాము.

మొదటి రెండు మూడు దినాలు ఏమీ పెట్టలేదు. కొత్త తావుకు అలవాటు పడనిచ్చినాము. తరవాత బతికున్న చిన్న రొయ్యలు ఒకటో రెండో వదిలినాము, ఈ ఇంట్లో తిండి దొరుకుతుందని దానికి తెలియాల గదా. ఆమీద పొడుగాటి ప్లాస్టిక్ పటకారు చివర చచ్చిన రొయ్యను పట్టి, పంపు నీళ్లు పారే దావలో మెల్లిగా ఆడించినాము. కదిలేదాన్నే అది ఎర అనుకుంటుంది. మొదట నాలుగుసార్లు చూసి మొగం తిప్పుకుంది. తినకపోతే ఆ ముక్కను బయటికి తీసేసి, మరుసటి దినం మళ్లా చూపించినాము. ఆకలైన చేప రెండు దినాలు తినకపోతే గాబరాపడి బంగారు చేప వేసేస్తారు మనోళ్లు. ఆడనే ఓడిపోతారు. ఒంట్లో కండ ఉన్న సింహచేప కొన్ని దినాలు తినకపోయినా తట్టుకుంటుంది. ఇంకో మాట, అది పొద్దుగూకేటప్పుడు, తెల్లారేటప్పుడు వేటాడే చేప. పెద్ద దీపం ఆర్పేసి, సందె వెలుతురులో పెడితే బిన్న అలవాటు పడుతుంది.

ఏమి పెట్టాలంటే, మన చేపలంగడిలో దొరికేదే. ఉప్పునీళ్ల రొయ్య, కణవాయి ముక్కలు, మన తెలుగులో నెత్తళ్లనే నెత్తిలి, కవ్వలనే మత్తి, సముద్రపు చేప ముక్క ఏదైనా. ఉప్పు, పసుపు, మసాలా పట్టించినవి వద్దు. కడిగి, చిన్న ముక్కలు చేసి, ఒక్కో పూటకు పొట్లం కట్టి గడ్డకట్టించి పెట్టుకోండి. పెట్టే ముందు పూర్తిగా కరగనీయండి. ఒకే రకం పదేపదే వద్దు. ఎందుకంటే సముద్రపు చేపల్లోనూ, రొయ్యల్లోనూ కొన్నింట్లో ఆ థయామినేజ్ ఉంటుంది, గడ్డకట్టించినంత మాత్రాన అది పోదు. ఈ పూట రొయ్య, ఆ పూట కణవాయి, ఇంకో పూట చేప, అట్ల మారుస్తూ పోతే ఏదీ ఎచ్చు కాదు. వారానికి ఒకసారి అంగట్లో దొరికే చేపల విటమిను చుక్కలు ముక్కకు పట్టించి పెడతాము మేము.

ఎంత పెట్టాలనేది దానికన్నా పెద్ద మాట. ముక్క సైజు దాని రెండు కండ్ల నడుమ ఎడమంత ఉంటే చాలు. పిల్ల చేపకు దినం విడిచి దినం. పెరిగిన చేపకు వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ రెండు మూడు ముక్కలు. అది ఎప్పుడు చూసినా ఆకలైన మాదిరే గాజు దగ్గిరికి వచ్చి నిలబడుతుంది. నమ్మద్దు. సింహచేప కడుపు శానా సాగుతుంది, ఎంత పెట్టినా మింగుతుంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఒకసారి, పిల్లోళ్లు అడిగినప్పుడల్లా ఒకసారి పెడితే అది తిండి వల్లనే పోతుంది. మిగిలింది నీళ్లలో కుళ్లి ఇంకో చేటు.

తిండి సంగతి ఇది. కానీ తిండి దాకా రాకముందే తెగే విషయం ఇంకోటుంది. ఏ చేపను తెస్తున్నాము?

అంగట్లో బెత్తెడు కూడా లేని పిల్లగా కనిపించే ఎర్ర సింహచేప, టెరోయిస్ వొలిటాన్స్, పెరిగితే 35 సెంటీమీటర్లు దాటుతుంది. మన హిందూ మహాసముద్రంలో ఉండే దాని అన్నదమ్ముడు టెరోయిస్ మైల్స్ కూడా అంతే. వీటికి తక్కువలో తక్కువ 450 లీటర్ల తొట్టి కావాల. మూరెడు తొట్టిలో పెట్టేది ఎద్దును వసారాలో కట్టి పెంచినట్ల ఉంటుంది. మన మాదిరి ఇండ్లకు పొట్టి రకాలే మేలు. డెండ్రోకైరస్ బ్రాకిప్టెరస్ అనే రకం 15 సెంటీమీటర్ల దగ్గిర ఆగిపోతుంది. డెండ్రోకైరస్ జీబ్రా దానికన్నా కొంచెం పెద్దది. వీటికి 200 లీటర్ల తొట్టి సరిపోతుంది. చచ్చిన ఎరకు కూడా బిన్న అలవాటు పడతాయి. నీళ్లలో రెక్కలు దూరందాకా చాపే టెరోయిస్ రేడియేటా చూసేదానికి శానా అందం, కానీ తిండి దగ్గిర మొండిది. మొదటిసారి తెచ్చేవాళ్లకు వద్దు.

అంగట్లో ఒక మాట అడగండి: "చచ్చిన రొయ్యను మా ఎదురుగా తినిపించండి." తింటే సగం కష్టం తీరినట్లే. తినకపోతే, "ఇంటికి పోయినాక తింటుంది సార్" అంటే, తిరిగి వచ్చేయండి. కడుపు లోపలికి పోయి ఉందా, తల వెనక కండ కరిగి ఉందా, ఊపిరి గబగబ పీలుస్తా ఉందా, నోరు పూర్తిగా మూసుకుంటుందా, కండ్లు తేటగా ఉన్నాయా, రెక్కలు చీలి ఉన్నాయా, ఇవన్నీ చూడండి. సింహచేపలు దాదాపు అన్నీ సముద్రంలో పట్టి తెచ్చేవే, తొట్లలో పుట్టి పెరిగినవి కావు. దూరదేశాల్లో కొన్ని తావుల్లో సైనైడ్ చల్లి పగడపు దిబ్బల చేపలను పట్టే చెడ్డ అలవాటు కూడా ఉంది. చచ్చిపోతే ఇంకోటి తెద్దాములే అనుకునే ప్రతిసారీ సముద్రంలోనించి ఇంకొకటి తగ్గుతుంది. ఆ తొట్టి అందంగా కనిపించాలని పగడం ముక్కలు, సముద్రపు విసనకర్రలు ఎవరైనా చాటుగా అమ్మితే కొనద్దు. 2001 నించి అవి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది.

నీళ్ల మాట రవంత. మనం సముద్రానికి దూరం, ఎత్తు మీద ఉన్నోళ్లం. ఉప్పునీళ్లు మనమే కలుపుకోవాల. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పులు ఉంటాయి. 200 లీటర్ల తొట్టికి 7 కిలోలు. అది వంటింటి ఉప్పు కాదు. దాంట్లో కాల్షియం, మెగ్నీషియం, ఇంకా శానా లవణాలు ఉండవు. తొట్లకని తయారు చేసిన సముద్రపు ఉప్పే కావాల. మన బోరునీళ్లు గట్టి నీళ్లు, ఆర్‌వో నీళ్లతోనే కలుపుకోండి. ఎండకు నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, కాబట్టి తగ్గినదానికి వట్టి ఆర్‌వో నీళ్లే పోయాల, ఉప్పునీళ్లు కాదు. మేము మొదట్లో ఇది తెలీక ఉప్పు మీద ఉప్పు పోసినాము. తొట్టి పెట్టిన దినమే చేపను తేవద్దు. చేప వదిలే అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరవాత నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు తొట్టిలో కుదురుకునేదానికి నాలుగు నించి ఆరు వారాలు పడుతుంది. సింహచేప మాంసం తినేది, దాని మలం ఎక్కువ. రెండు వారాలకు ఒకసారి అయిదో వంతు నీళ్లు మార్చాల.

వేడి 24 నించి 27 డిగ్రీల మధ్య ఉండాల. హొసూరులో చలికాలం రాత్రి హీటరు లేకుంటే కష్టం. కృష్ణగిరిలో ఎండాకాలం నీళ్లు కాగకుండా చూసుకునేది కష్టం. కాగిన నీళ్లలో ఊపిరి తక్కువ. కరెంటు పోయినప్పుడు మొదట పోయేది కూడా ఆ ఊపిరే, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాల. ఇంత చెప్పేది ఎందుకంటే, చేపకు పెట్టే దుడ్డు అన్నిట్లోకి చిన్నది. తొట్టి, ఉప్పు, నీళ్లు, కరెంటు లెక్క కట్టినాకే చేప దగ్గిరికి పోండి.

ఇప్పుడు ఆ వీడియోలో మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. బంగారు చేపను వదిలిన చేయి నీళ్లకు జానెడు ఎత్తులో ఉంది. పక్కనే నాలుగేండ్ల పాప గాజు అంచు పట్టుకొని నిలబడి ఉంది. మూత లేదు.

సింహచేప వీపు మీద 13 ముండ్లు, కడుపు కింద రెక్కలకు 2, తోక దగ్గిర కింది రెక్కకు 3, మొత్తం 18 విషపు ముండ్లు. పక్కల విసనకర్ర మాదిరి కనిపించే పెద్ద రెక్కల్లో విషం లేదు. చూసేవాళ్లు వాటినే చూసి భయపడతారు, అసలువి చూడరు. ముల్లు గుచ్చుకుంటే దాని పైనున్న తోలు వెనక్కి జరిగి, గాడిలో ఉన్న విషం గాయంలోకి దిగుతుంది. మామూలుగా ప్రాణం తీసేది కాదు. కానీ నొప్పి భరించలేనిది, వాపు వస్తుంది, కొందరికి వాంతులు, తలతిరుగుడు, ఊపిరి ఆడకపోవడం కూడా. చిన్న పిల్లోళ్లకు, గుండెజబ్బు ఉన్నోళ్లకు, ఒంటికి పడనోళ్లకు ఇంకా ప్రమాదం. చచ్చిన చేప ముల్లు కూడా గుచ్చుకుంటే పని చేస్తుంది.

గుచ్చుకుంటే ఏమి చేయాలో కాగితం మీద రాసి తొట్టి పక్కన అంటించుకోండి. ఆ విషం వేడికి విరిగే ప్రోటీను. కాబట్టి 45 డిగ్రీల దాకా, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో గాయాన్ని 30 నించి 90 నిమిషాలు ముంచాల. వేడి ఎంతుందో బాగున్న చేత్తో చూడండి. కుట్టిన చేతికి నొప్పిలో కాలేదీ తెలీదు. పైకి కనిపించే ముల్లు తునకలు తీసేయండి. కట్టు బిగించేది, బ్లేడుతో కోసేది, నోటితో పీల్చేది, పసరు పూసేది ఏదీ వద్దు. నీళ్లు చల్లారకుండా చూసుకుంటూనే ఆసుపత్రికి పోండి. ఊపిరి ఆడకపోతే, మొగం వాచితే వేడినీళ్ల కోసం కూడా నిలవద్దు, వెంటనే పోండి. మన ప్రాంతం డాక్టర్లకు పాము, తేలు కొత్త కాదు. సముద్రపు చేప ముల్లు అరుదుగా వచ్చే కేసు. "సింహచేప కుట్టింది" అని పేరు చెప్పండి, ఫోటో చూపించండి. దీనికంటూ ప్రత్యేకమైన విరుగుడు సూది లేదు. నొప్పికి, ధనుర్వాతానికి, అలెర్జీకి వైద్యం వాళ్లు చూసుకుంటారు.

తొట్టికి మూత, మూతకు గొళ్లెం. శుభ్రం చేసేటప్పుడు చేప ఎక్కడుందో చూస్తానే చేయి పెట్టాల, ఇంకొకరు పక్కన ఉండాల. పట్టేదానికి వల వద్దు, ముండ్లు చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లిగా తోలండి.

చివరగా, విసుగొచ్చినాక ఏమి చేస్తాము అనేది. ఇదే అన్నిట్లోకి పెద్దది.

సింహచేపలు మన సముద్రాలవి. అట్లాంటిక్ సముద్రంలో అవి లేవు. 1985లో అమెరికాలో ఫ్లోరిడా తీరాన డానియా బీచ్ దగ్గిర మొదటిది కనిపించింది. ఇండ్లలో పెంచినవి ఎవరో వదిలేసినవే అయి ఉండాలని శాస్త్రవేత్తల మాట. 2000 తరవాత ఆ తీరమంతా, బహామాస్, కరీబియన్ దీవులంతా పాకిపోయినాయి. ఆడది నాలుగైదు దినాలకు ఒకసారి గుడ్లు పెట్టగలదు, ఏడాదికి ఇరవై లక్షల దాకా. ఆడ దాన్ని తినే అలవాటున్న పెద్ద చేపలు లేవు, దానికి ఎరయ్యే చిన్న చేపలకు దాని భయం తెలీదు. మార్క్ ఆల్బిన్స్, మార్క్ హిక్సన్ అనే ఇద్దరు బహామాస్‌లో చేసిన పరీక్ష 2008లో అచ్చయింది. సింహచేప ఉన్న చిన్న దిబ్బల్లో అయిదు వారాల్లోనే కొత్తగా వచ్చి చేరే చిన్న చేపలు సగటున 79 శాతం తగ్గినాయని తేలింది. ఇప్పుడు ఆడ పోటీలు పెట్టి మరీ పట్టిస్తా ఉన్నారు, పట్టి తింటా ఉన్నారు. అయినా తరగలేదు.

"మన రామనాయకన్ చెరువులో సింహచేప బతకదు గదా" అంటే, నిజం, మంచినీళ్లలో అది చస్తుంది. కానీ దానికి ఎరగా తెచ్చిన బంగారు చేపలు మిగిలితే ఎక్కడ పోస్తున్నారు? తొట్టి నాచు తింటుందని తెచ్చిన నోటితో గాజుకు అతుక్కునే చేప పెద్దదైతే ఎక్కడ వదులుతున్నారు? దాన్నే ఆంధ్రాలో దెయ్యం చేప అంటున్నారు. దక్షిణ అమెరికాది. అంగళ్ల తొట్లలోనించి కృష్ణా కాలువల్లోకి, తమిళనాడు చెరువుల్లోకి చేరింది. ఒంటినిండా గట్టి పలకలు, ముండ్లు. వలలు చించుతుంది, తినేవాళ్లు లేరు, కొనేవాళ్లు లేరు. 2000లో నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడా ఇట్లనే మనుషుల చేతుల మీదుగానే చెరువుల్లోకి వచ్చింది. మన దక్షిణ పినాకిని ఇప్పటికే ఎంత మురికి మోస్తా ఉందో కెలవరపల్లి డ్యాము నురగ చూసినోళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్ల మీదనే కృష్ణగిరి డ్యాములో వల వేసి బతికే ఇండ్లున్నాయి. మన ముచ్చట తీరినాక మిగిలినదాన్ని వాళ్ల వలలో వేయద్దు.

కాబట్టి మన సంఘం వాళ్లకు మా మనవి ఇది. బతికున్న చేపను సింహచేపకు వేసే వీడియోలు మన గుంపులో పెట్టద్దు, పెట్టినా చప్పట్లు కొట్టద్దు. ఇంట్లో అయిదేండ్ల లోపు పిల్లోళ్లు ఉంటే సింహచేప కొనేది ఆ పిల్లోళ్లు పెద్దయ్యేదాకా వాయిదా వేయండి. ఉప్పునీళ్ల తొట్టి పిచ్చి ఉంటే క్లౌన్ చేపతో మొదలుపెట్టండి. దాన్ని తొట్లలోనే పొదిగించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లే తయారు చేసినారు. సముద్రంలోనించి తేనక్కర్లేదు, కుట్టదు, చిన్న తొట్టి చాలు. సింహచేపే కావాలంటే పొట్టి రకం, పెద్ద తొట్టి, చచ్చిన ఎర, గొళ్లెమున్న మూత. పెంచలేకపోతే చెరువులో కాదు, మా ఇంటికి తెండి, లేదా కొన్న అంగడికే వాపసు ఇవ్వండి. మన గుంపులో అడిగితే తీసుకునేవాళ్లు ఒకరైనా దొరుకుతారు.

ఇంకొక చిన్న మాట. ఇదంతా మేము ఇంగ్లీషులో చదివి నేర్చుకున్నాము. అంగట్లో తమిళంలో అడిగినాము, బెంగళూరులో కన్నడంలో అడిగినాము. మన తెలుగులో ఈ సంగతి చెప్పేవాళ్లు ఆ పొద్దు మాకు ఒకరు దొరికి ఉంటే ఆ మొదటి చేప బతికేదేమో. అందుకే తెలిసినంత తెలుగులో రాసినాము. తప్పులుంటే దిద్దండి. మీ తొట్టి అనుభవాలు కింద రాయండి.

మా ఇంటి చేప ఇప్పుడు సందెకాడ పటకారు చూస్తే చాలు, రాతి సందులోనించి బయటికి వస్తుంది. రొయ్య ముక్క తీసుకొని మళ్లా తన తావుకు పోతుంది. చప్పట్లు కొట్టేంత ఆట ఏమీ లేదు. చుట్టాల పిల్లోళ్లు "అంతేనా?" అంటారు. అంతే. అయిదేండ్లుగా అంతే.

ఆ వీడియోలోని పాప ఈ రాత చదవలేదు. చదవగలిగినోళ్లు దయచేసి ఈ పొద్దే ఆ తొట్టికి మూత వేయండి.